కొయ్యకలము: సవరణయా, పునరారంభమా?

చేతిపని కొయ్యకలమున దోషము కనఁబడినచో సవరింపవలెనా, క్రొత్తది చేయవలెనా? ఈ ప్రశ్న స్వల్పముగాఁ దోఁచవచ్చును. మా కట్లు తోఁపదు.

ఖమ్మము, భద్రాచలముల సరిహద్దు అడవులలోని తునికియాకు బీడీలకుఁ బోవునని యందఱు నెఱుఁగుదురు. ముదిరిన తునికిమ్రాని నల్లని చేవ కలముకాడకుఁ దగునని తలఁచువారు తక్కువ. అయితే పచ్చికొయ్యను తరిమెన పట్టినచో అది తరువాత ఆరి, కుదించుకొని, నెఱ్ఱెవిచ్చును.

నెఱ్ఱె పైపైదయినచో ఆ కొయ్యపొడినే జిగురుతోఁ గలిపి నింపి నునుపు చేయుట న్యాయమే. కాని రంధ్రము నడుమకు రాక యొకప్రక్క గోడ పలుచనైనను, మూత బిగించు మరచెంత పగులు పుట్టినను, ఏ పూఁతయు నిలుపఁజాలదు. అట్టిదానికి మెఱుఁగు పెట్టి యమ్ముట మోసము. కొన్నవాఁడు డబ్బు పోఁగొట్టుకొనుటయే కాదు, చేతిపని యంతయు నింతేయని నమ్మును. ఆ నష్టము నిజాయితీగల పనివానికిఁ గూడఁ దగులును.

క్రొత్తది చేసిన కూలి దండుగ యని పనివాఁడనును. నిజమే. కావుననే కొయ్యను పొయ్యిలోఁ బెట్టుమని మేమనము. పగిలిన మేర కోసి, మిగిలినదానిని మూతకు వాడుకొమ్మందుము.

గోదావరి దిగువను రాజమహేంద్రవరమున 1932లో కె. వి. రత్నముగారు స్వదేశి కలముల పని నారంభించిరి. అవి కొయ్యవి కావు, ఎబొనైటువి; అయినను తరిమెనపనియే. 1935లో గాంధీగారు ఆ కలమును వాడి, విదేశపు కలములకు బదులు కాఁదగునని మెచ్చిరి. చూచి కాదు, వాడి. కలమునకుఁ బరీక్ష యదియే.

కంటికి మాత్రమే వెలితియగు దోషమును సవరింపుఁడు. వ్రాఁతకు అడ్డమగుదానిని మరల మొదలిడుఁడు.