పాకం ఎవరు కాచారు?

హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ మా ఊరికి చదువుకోను వచ్చిన పిల్లలు తరచూ అడిగే మాట ఒకటుంది: తిరుపతిలో మంచి బబుల్ టీ ఎక్కడ దొరుకుతుంది? చల్లగా, తియ్యగా తాగుతూ మధ్యమధ్య పంటికింద ఏదో తగలాలన్న ఆ కోరిక నాకు బాగా అర్థమవుతుంది. అయితే ఈ ఊళ్లో ఆ కోరిక తీరేది నన్నారి బండి దగ్గరే. నన్నారి అనే సువాసన వేరుతో కాచిన పాకం, నిమ్మరసం, సోడా, నానిన సబ్జా గింజలు. గ్లాసెడు తాగితే మే నెల ఎండలో కూడా ప్రాణం లేచొస్తుంది.

బబుల్ టీ 1980ల్లో తైవాన్‌లో పుట్టింది. అందులో వేసే నల్లటి గుండ్లు కర్రపెండలం పిండితో చేస్తారు, మన సగ్గుబియ్యం కూడా ఆ పిండే. దాన్ని మొదట చేసింది మేమంటే మేమని తైచుంగ్‌లో ఒక టీ దుకాణం, తైనాన్‌లో ఇంకొకటి పదేళ్లు కోర్టు చుట్టూ తిరిగాయి. ఎవరైనా చేసుకోగలిగిన పానీయానికి మొదటివాళ్లెవరో తేల్చనక్కర్లేదని 2019లో తీర్పు వచ్చింది. నన్నారికి ఆ తగవు లేదు. బండి ముందు నిలబడి అడగవలసిందల్లా ఒక్కటే, పాకం ఎవరు కాచారని.

ఎండాకాలం వస్తే గాంధీ రోడ్డులో, గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో, బస్టాండు దగ్గర, అలిపిరి దోవలో బండ్లు నిలుస్తాయి. యాత్రికుడు ఒకసారి తాగి కొండెక్కిపోతాడు. 3,550 మెట్లు ఎక్కబోయేవాడికి ఏ సర్బత్తయినా అమృతమే, రుచి బాగాలేదని మర్నాడు వచ్చి అడిగేవాడూ కాదు. ఊరివాడు మాత్రం రేపు మళ్లీ వస్తాడు. అందుకని ఆటోవాళ్లు, అంగళ్లలో పనిచేసేవాళ్లు, బడి వదిలాక పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే తల్లులు ఏ బండి దగ్గర ఆగుతారో చూసి అక్కడే నేనూ ఆగుతాను.

అలాంటి ఒక బండి దగ్గర, పాతవీధుల్లోనే, అడిగాను.

"పాకం మీరే కాస్తారా అక్కా?"

"మేమే సామీ. రేత్రికి నన్నారి కొమ్ములు దంచి నానేస్తే పొద్దన్నే కాసేది. మూత మాత్రం తీయకూడదు. తీస్తే వాసనంతా ఇల్లు తాగేస్తాది, మీకేం మిగలదు."

ఆమె మూత గురించి చెప్పింది అక్షరాలా నిజం. నన్నారి వాసనంతా 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీ బెంజాల్డిహైడ్ అనే పదార్థంలో ఉంది. వెనిలా వాసననిచ్చే వెనిలిన్‌కూ దీనికీ అణుసూత్రం ఒకటే, అమరికే వేరు. ఇది ఆవిరితో పాటు లేచిపోయే గుణం ఉన్నది. ఆదరాబాదరా పెద్దమంట మీద మూత లేకుండా మరగబెట్టినవాడికి చివరికి మిగిలేది రంగునీళ్లు, చక్కెర. వేరును కడిగి, లోపలి గట్టి పుల్లను తీసేసి, మెత్తటి బెరడును దంచి, రాత్రంతా నాననిచ్చి, సన్నసెగ మీద కాచి వడకట్టాలి. ఆ నీళ్లలో చక్కెర వేసి పాకం పట్టి, గడ్డకట్టకుండా కాస్త నిమ్మరసం పిండాలి. కొందరు బెల్లంతో కాస్తారు. బెల్లానికి పేరుపడ్డ చిత్తూరు పక్కనే ఉండి ఈ మాటనడం కష్టమే గానీ, నన్నారికి బెల్లం పనికిరాదు. దాని రుచి పైకొచ్చి వేరు వాసనను నొక్కేస్తుంది.

పాకం ఎంత నల్లగా ఉంటే అంత అసలుదనుకోవడం పొరపాటు. మాడ్చిన చక్కెరతో ఎంత రంగైనా తేవచ్చు. సీసా మూత తీయించి వాసన చూడండి. ఎసెన్సు ముక్కుపుటాలకు కొట్టి పోతుంది. వేరుతో కాచింది మొదట మెత్తగా తగిలి, తాగిన చాలాసేపటి దాకా గొంతులో ఉంటుంది. సబ్జాను కూడా చూడాలి. మంచినీళ్లలో విడిగా నానబెడితే కొద్ది నిమిషాల్లోనే ప్రతి గింజ చుట్టూ జిగురు పొర ఉబ్బుతుంది. తొందరలో నేరుగా పాకంలో వేస్తే సరిగా ఉబ్బక పళ్లలో ఇసుకలాగా తగులుతుంది. గింజలు వేరే గిన్నెలో నానుతున్న బండి సాధారణంగా పాకం విషయంలోనూ శ్రద్ధగల బండే.

నన్నారి పేరుతో రెండు రకాల వేర్లు వాడుకలో ఉన్నాయి. సన్నటి పుల్లల్లాంటిది సుగంధిపాల. వేలెడు లావున, కండపట్టి ఉండేది మారెడు కొమ్ము, దీన్నే మాదిన కొమ్ములనీ నన్నారి కొమ్ములనీ అంటారు. మారెడు కొమ్ముల తీగ మన దక్షిణాది కొండల్లోనే సహజంగా పెరుగుతుంది, ప్రపంచంలో మరెక్కడా లేదు. శేషాచలం రాళ్ల సందుల్లో పాకే ఈ తీగను యానాదులు తరతరాలుగా గుర్తుపట్టి తవ్వుతున్నారు. 2010లో శేషాచలాన్ని బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. అక్కడ ఎర్రచందనం దుంగ దొరికితే పేపర్లో ఫొటో పడుతుంది, మారెడు కొమ్ముల మూట దిగిపోతే వార్త కాదు. ఆకో కాయో కోసుకుంటే తీగ బతుకుతుంది. ఇక్కడ మనకు కావలసింది వేరు. గిరాకీ పెరిగి మొత్తం పెకలించేసరికి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఈ మొక్కను అంతరించే ప్రమాదమున్నవాటిలో చేర్చింది. ఎసెన్సు సీసాలు బండెక్కడానికి చౌక ఒక కారణం, అసలు వేరు కరువవడం ఇంకో కారణం. బండి అక్కను మాత్రమే నిలదీసి లాభం లేదు.

తవ్వేటప్పుడు కొన్ని వేర్లు వదిలి మట్టి కప్పితే తీగ మళ్లీ చిగురిస్తుంది. అలా చేయాలంటే ఒక్కో తీగకు కొమ్ములు తక్కువ వస్తాయి గనుక తవ్వినవాడికి కొమ్ముకు ఎక్కువ ధర ముట్టాలి. గిరిజన సహకార సంస్థ అమ్మే నన్నారి సర్బత్తు సీసా నేను ఇంట్లో పెట్టుకునేది ఆ ఆలోచనతోనే. బండి దగ్గర కూడా వేరుతో కాచిన గ్లాసుకు అయిదో పదో ఎక్కువడిగితే మారుమాట్లాడకుండా ఇస్తాను.

అడవి మీదే ఆధారపడకుండా తోటల్లో పెంచుకునే దారీ ఉంది. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు ఈ మొక్కను కణజాల వర్ధనంతో పెంచే పద్ధతిని ఏనాడో రాబట్టారు. ఎస్వీ వ్యవసాయ కళాశాల మన ఊళ్లోనే ఉంది. చంద్రగిరి వైపు, చిత్తూరు వైపు మామిడి తోటలున్న రైతులు గట్ల మీద పాకించుకోవడానికి ఈ తీగ నారు వచ్చే వానలకల్లా చేతికందేలా చూడాలని ఆ కళాశాలవారినీ, అటవీశాఖ నర్సరీలవారినీ ఈ కాలమ్ ద్వారా అడుగుతున్నాను.