మౌస్ అడగని పనిముట్టు

నేరేడ్‌మెట్‌లో ఇంటినుంచే సర్వర్లు చూసుకునే వాళ్లకు అర్ధరాత్రి ఫోనొస్తే, నెట్ ఎంత నెమ్మదిగా ఉన్నా ఆదుకునేది నల్లటి తెర మీద తెరుచుకునే వీఐ అనే టెక్స్ట్ ఎడిటర్.

1976లో బిల్ జాయ్ దీన్ని బర్క్‌లీలో రాసేటప్పుడు ఆయనకున్నది 300 బాడ్ మోడెమ్. సెకనుకు ముప్పై అక్షరాలు దాటవు. అందుకే ఆదేశాలన్నీ అంత పొట్టివి. 'డీ' రెండుసార్లు నొక్కితే వరుస మాయం, 'యూ' నొక్కితే మళ్లీ ప్రత్యక్షం. కదలడానికి హెచ్, జె, కె, ఎల్: ఆయన వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో బాణం గుర్తులు ఆ మీటల మీదే ఉండేవి. ఆనాటి పేదరికం నుంచి పుట్టిన ఆ పొదుపే ఈనాటికీ వేగం. చేయి మీటలు వదలదు, ఆలోచన తెగదు.

1991లో బ్రామ్ మూలెనార్ వీఐ బాటలోనే మరింత మెరుగైన విమ్‌ను తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. నచ్చినవాళ్లను ఉగాండా పిల్లలకు సాయం చేయమన్నారు. 2023లో కన్నుమూసిన ఆ మనిషికి రుణపడ్డాం.

తెలుగులో రాస్తే మన ఒత్తులు, గుణింతాలు మాత్రం చాలా టెర్మినళ్లలో ఇంకా చెదిరిపోతాయి. ఆ లోటు తీరాలి.

లినక్స్ నేర్చుకునే పిల్లలూ, టెర్మినల్‌లో 'విమ్‌ట్యూటర్' అని కొట్టండి. అరగంట పాఠం. ఓపిగ్గా పూర్తిచేయండి.