దబ్బనం, దారం, ఓ కాగితం సంచి

2023 జూలై 3 నుంచి సింగపూర్‌లోని పెద్ద సూపర్‌మార్కెట్లలో సంచి కావాలంటే కనీసం 5 సెంట్లు కట్టాల్సిందే. ప్లాస్టిక్ సంచి అయినా, కాగితం సంచి అయినా మినహాయింపు లేదు. కాగితం సంచి పట్టుకెళితే పుణ్యం దక్కుతుందనుకునేవాళ్లకు ఇదెక్కడి న్యాయం అనిపించవచ్చు. కానీ నాన్యాంగ్ టెక్నలాజికల్ యూనివర్సిటీ పరిశోధకులు 2020లో సింగపూర్ పరిస్థితులకు లెక్కకట్టి చూస్తే, వాళ్లు పోల్చిన సంచులన్నిటిలో ఒక్కసారి వాడి పారేసే క్రాఫ్ట్ కాగితం సంచే భూతాపానికి ఎక్కువ కారణమని తేలింది. ఏళ్ల తరబడి నిలిచే సరుకును పావుగంట మోతకు వాడి పారేస్తే లెక్క అలాగే తేలుతుంది మరి.

అంత గట్టిదనం దానికి తయారీలోనే వస్తుంది. 1879లో జర్మన్ రసాయనవేత్త కార్ల్ డాల్ కనిపెట్టిన పద్ధతిలో చెక్కముక్కల్ని సోడియం హైడ్రాక్సైడ్, సోడియం సల్ఫైడ్ ద్రావణంలో ఉడికిస్తారు. నారల్ని పట్టి ఉంచే లిగ్నిన్ చాలావరకు కరిగిపోతుంది. నారలు మాత్రం పొడవుగా, బలంగా మిగులుతాయి. బియ్యం మోసే ఆ బలమే సూది గుచ్చినా చిరగని కాగితాన్ని ఇస్తుంది. జూన్ వస్తే బడి పుస్తకాలకు మనం అట్టలు వేసుకున్నది ఈ జాతి కాగితంతోనే. నిరుటి నోటుబుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాలు చింపి, దబ్బనంతో కుట్టి రఫ్ పుస్తకం చేసుకున్నవాళ్లకు సంచితో పుస్తకం కట్టడం కొత్త విద్యేమీ కాదు.

ముందుగా సంచి అడుగుభాగం కత్తిరించి, పక్కన అతికిన చోట నిలువునా విప్పాలి. లోపలి వైపు కాస్త తడి అద్ది ఇస్త్రీ చేస్తే మడతలు చాలావరకు పోతాయి. ఆ తర్వాతి పనిలోనే చాలామంది తొందరపడతారు. కాగితంలో నారలకు ఒక వాలు ఉంటుంది, సాధారణంగా సంచి నిలువునా. అరచేతుల మధ్య మెల్లగా వంచితే ఎటు సులువుగా వంగుతుందో, మడత అటే రావాలి. అడ్డంగా మడిస్తే అంచు పగులుతుంది, పుస్తకం ఎప్పటికీ సరిగ్గా మూసుకోదు. విప్పిన సంచుల నుంచి ఒకే కొలతకు కత్తిరించిన నాలుగు కాగితాల్ని ఒకదాంట్లో ఒకటి దూర్చి మడిస్తే 16 పేజీలు, అచ్చాఫీసు మాటలో ఒక ఫారం. ఈ మందంలో అంతకు మించి కలపకపోవడమే మేలు.

మన బైండింగు షాపుల్లో మైదా ఉడికించి, పురుగు పట్టకుండా కాస్త మైలతుత్తం కలిపి జిగురు చేసేవారు. సింగపూర్‌లో ఏడాది పొడవునా గాలిలో తేమ 80 శాతానికి అటూఇటూ. అక్కడ పిండి జిగురు ఆరడం ఆలస్యమవుతుంది, బూజు పట్టే భయమూ ఉంటుంది. అందుకే నా ఓటు ఈజిప్టు కాప్టిక్ క్రైస్తవుల కుట్టుకే. ఫారాల మడతల్లో వరసగా రంధ్రాలు చేసి, మైనం పట్టించిన దారంతో కుడతారు. సూది బయటికొచ్చిన ప్రతిసారీ కింది ఫారం కుట్టు చుట్టూ తిరిగి, వచ్చిన రంధ్రంలోకే వెళుతుంది. వెన్ను మీద జడ అల్లినట్టు వరసలు తేలతాయి. చుక్క జిగురు అక్కర్లేదు. పుస్తకం బల్లమీద పూర్తిగా పరుచుకుంటుంది, రాసుకునేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి?

చెత్తకాగితంతో అట్టలు కట్టడం కూడా ఆ ఈజిప్టు నుంచే ఉంది. 1945లో నాగ్ హమ్మాది దగ్గర దొరికిన పుస్తకాల తోలు అట్టల లోపల, బిరుసు కోసం పారేసిన పాపిరస్ ముక్కలు, రసీదులు, ఉత్తరాలు అతికించి ఉన్నాయి. ఒక అట్టలోని తేదీలు క్రీ.శ. 341, 346, 348 కావడంతో, ఆ పుస్తకం 348కి ముందు కట్టింది కాదని తేలింది. పనికిరాదని పారేసిన రసీదులు పదహారు వందల ఏళ్ల తర్వాత సాక్ష్యం చెప్పాయన్నమాట. మన పుస్తకానికీ సంచి ముక్కల్ని మూడు పొరలుగా, నారల వాలు మార్చి మార్చి అతికిస్తే అట్ట సిద్ధం. జిగురు వాడేది ఇక్కడొక్కచోటే కాబట్టి ఫెవికాల్ పలచగా రాసి, బరువు కింద బాగా ఆరనివ్వాలి.

సింగపూర్‌లోని సెరంగూన్ రోడ్డు చీరల షాపులు, నగల షాపులు ఇచ్చే తళతళలాడే సంచులతో మాత్రం జాగ్రత్త. చాలావాటి మీద సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. పెన్ను సాగదు, జిగురు పట్టదు. అట్ట పైపొరగా, పొర లేని వైపు జిగురు రాసి వాడుకోవచ్చు. గోధుమరంగు పేజీల మీద నల్ల జెల్ పెన్ను బాగుంటుంది, తెల్లది ఇంకా బాగుంటుంది. వాటర్‌కలర్ వేస్తే కాగితం ఉబ్బుతుంది. మెలితిప్పిన కాగితపు పిడులు ఉంటే పారేయకండి, వెనక అట్టకు కడితే పుస్తకం చుట్టూ తిప్పి ముడి వేసుకోవచ్చు.