నెల తప్పకముందే తేలవలసిన మందు

మూర్ఛవ్యాధి ఉన్న స్త్రీకి ఏ మందు, ఎంత మోతాదులో వాడాలన్న ప్రశ్న నెల తప్పిన తరువాత తలెత్తితే అప్పటికే ఆలస్యమైనట్లు. పిండంలో మెదడుకూ వెన్నుపాముకూ మూలమైన నాడీనాళం గర్భం నిలిచిన సుమారు 28 రోజులకే మూసుకుపోతుంది, ఆనాటికి చాలామందికి గర్భం సంగతే తెలియదు. ఆ నాళం సరిగా మూసుకోనప్పుడు వెన్నెముక చీలి ఉండే స్పైనా బైఫిడా వంటి లోపాలు కలుగుతాయి, కొన్ని మూర్ఛ మందులు ఆ ముప్పును పెంచుతాయి.

అయితే మూర్ఛ మందులన్నిటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. యూరాప్ అనే అంతర్జాతీయ నమోదు అధ్యయనం 2018లో వెలువరించిన ఫలితాలలో, వాల్‌ప్రోయేట్ ఒక్కటే వాడిన తల్లుల సంతానంలో 10.3 శాతానికి పెద్ద అవయవలోపాలు కనిపించగా, లామోట్రిజిన్‌కు 2.9, లెవెటిరాసిటమ్‌కు 2.8 శాతమే తేలింది. వాల్‌ప్రోయేట్ మోతాదు పెరిగేకొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది, బిడ్డ తెలివితేటలూ దెబ్బతినవచ్చు. కొందరి మూర్ఛ ఆ మందుకే లొంగుతుంది. అక్కడ వైద్యుని నిర్ణయం నిజంగా కఠినమైనది.

భయంతో మాత్రలు ఒక్కసారిగా మానేయడం మరింత ప్రమాదకరం, ఎందుకంటే ఆగకుండా వచ్చే ఫిట్స్ తల్లి ప్రాణానికీ బిడ్డ ప్రాణానికీ ముప్పు తెస్తాయి. క్షేమకరమని పేరున్న లామోట్రిజిన్‌కూ నిఘా తప్పదు: గర్భకాలంలో పెరిగే ఈస్ట్రోజన్ హార్మోను ప్రభావంతో కాలేయం ఆ మందును వేగంగా విరిచి బయటికి పంపుతుంది కనుక, రోజూ అదే మాత్ర మింగుతున్నా రక్తంలో దాని స్థాయి సగానికి, కొందరిలో అంతకన్నా తక్కువకు పడిపోయి, అదుపులో ఉన్న ఫిట్స్ మళ్లీ రావచ్చు. అందుకే వీలున్నచోట రక్తపరీక్షతో మోతాదు పెంచుతారు. కాన్పయ్యాక కాలేయం కొద్దిరోజుల్లోనే పాతగతికి వస్తుంది కాబట్టి పెంచిన మోతాదును వెంటనే తగ్గించకపోతే బాలింతకు కళ్లు తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం, నడక తూలడం మొదలవుతాయి. పసిబిడ్డను ఎత్తుకునే చేతులకు ఇది చిన్న విషయం కాదు.

తెలుగునాట ఈ ముందుచూపుకు పెద్ద అడ్డంకి దాపరికం. హిందూ వివాహ చట్టం 1999 సవరణతో మూర్ఛను వివాహానికి అనర్హతల జాబితా నుంచి తొలగించినా, సంబంధం తప్పిపోతుందన్న భయంతో పుట్టింటివారు వ్యాధిని దాచడం ఆగలేదు, అత్తింట్లో దొంగచాటుగా మింగే మాత్రను మార్చమని వైద్యుణ్ణి అడిగే వీలు కోడలికి ఉండదు. ఆరోగ్య కేంద్రంలో గర్భం నమోదయ్యాక అందే, నాడీనాళ లోపాల నివారణకు ఇచ్చే ఫోలిక్ ఆమ్లం మాత్రలు కూడా చాలాసార్లు ఆ నాళం మూసుకున్నాకే చేతికి వస్తాయి.

కనుక మూర్ఛకు మందు వాడుతున్న యువతి తల్లిదండ్రులూ భర్తా పెళ్లి మాటలనాడే, పోనీ బిడ్డ కావాలనుకున్ననాడైనా ఆమెను న్యూరాలజిస్టు దగ్గరకు తీసుకువెళ్లాలి, ఆయన చెప్పేవరకు ఒక్క మాత్ర కూడా మాన్పించకూడదు.