గోడల్లోంచి పోయే గ్యాస్

అక్వేరియం షాపులో ట్యూబు కొనేవాళ్లు ముందు రెండు వేళ్ల మధ్య నొక్కి చూస్తారు. మెత్తగా ఉంటే నాణ్యమైనది, బిరుసుగా ఉంటే చవక సరుకు. ఎయిర్ పంపుకైతే ఈ పరీక్ష చాలు. నీటిమొక్కల తొట్టికి కార్బన్ డయాక్సైడ్ పంపేటప్పుడు మాత్రం నా వేళ్ల మాట నేను వినను.

మెత్తదనంలో సిలికాన్‌ను మించింది లేదు. ఏళ్లు గడిచినా గట్టిపడదు, మడిచినా చిట్లదు. చిక్కంతా దాని గోడలోనే. సిలికాన్ అణువుల గొలుసులు కుదురుగా ఉండవు, వాటి సందుల్లోంచి వాయువులు దూరిపోతాయి. కొన్ని కాంటాక్ట్ లెన్సుల్లో సిలికాన్ కలిపేది కూడా కంటికి ఆక్సిజన్ అందాలనే. అదే సిలికాన్‌ను కార్బన్ డయాక్సైడ్ ఆక్సిజన్ కంటే సుమారు 5 రెట్లు సులువుగా దాటుతుంది.

లోపల 4, బయట 6 మిల్లీమీటర్లుండే సిలికాన్ ట్యూబుకు కాగితం మీద లెక్క కట్టాను. నిండా కార్బన్ డయాక్సైడే ఉంటే, 2 మీటర్ల పొడవులో నిమిషానికి నాలుగైదు మిల్లీలీటర్లు గోడల్లోంచే పోతుంది. చిన్న తొట్టికి సెకనుకో బుడగ చొప్పున మనం వదిలేదీ ఇంచుమించు అంతే! లోపల గ్యాస్ పలచబడేకొద్దీ ఈ పోవడమూ తగ్గుతుంది కాబట్టి మొత్తం ఆవిరైపోదు. అయినా అది చిన్న నష్టం కాదు. సబ్బు నురగ రాసి చూస్తే దొరకదు, ఎందుకంటే అక్కడ చిల్లంటూ లేదు. సిలిండర్ దగ్గరి బబుల్ కౌంటర్‌కూ తెలియదు, అది బయల్దేరిన బుడగలనే లెక్కపెడుతుంది. నీళ్లలో గ్యాస్ చాలినంత ఉందో లేదో రంగుతో చెప్పే డ్రాప్ చెకర్ తొట్టిలో ఆకుపచ్చకు తిరగకుండా నీలంగానే ఉండిపోతే అప్పుడు అనుమానం మొదలవుతుంది.

సిట్రిక్ యాసిడ్, వంటసోడా సీసాలతో గ్యాస్ తయారుచేసుకునే మనవాళ్లు మెడికల్ షాపులో సెలైన్ సెట్ కొంటారు. చుక్కలు పడే గదే బబుల్ కౌంటర్, చక్రం బిగింపే వాల్వు. ఆ తెలివికి నేను ముచ్చటపడతాను. దాని పీవీసీ గొట్టం గ్యాస్‌ను సిలికాన్ కంటే ఎంతో మేలుగా ఆపుతుంది కూడా. కాకపోతే మెత్తదనం కోసం కలిపిన నూనెలాంటి పదార్థం మెల్లగా వదిలిపోయి గొట్టం బిరుసెక్కుతుంది, మూతి దగ్గర పట్టు సడలుతుంది. సిలిండర్, రెగ్యులేటర్ పెట్టుకున్నాక దాన్ని వాడకండి. అది అంత ఒత్తిడికి చేసింది కాదు.

నేను వాడేది పాలియురేథేన్. దీని కోసం అక్వేరియం షాపుకే వెళ్లక్కర్లేదు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గాలి ఒత్తిడితో నడిచే యంత్రాల సామాన్లు అమ్మే దుకాణాల్లో మీటర్ల లెక్కన కోసిస్తారు. అక్కడ సైజు బయటి కొలతతో చెప్తారు, కాబట్టి 6 మిల్లీమీటర్లని అడిగి, లోపల 4 ఉందో లేదో చూసుకోవాలి. ఈ రకంలో మళ్లీ ఈథర్, ఎస్టర్ అని రెండున్నాయి. తేమకు తట్టుకునేది ఈథర్. (ఆ ప్రశ్నకు కౌంటర్ దగ్గర జవాబు దొరికితే మీ అదృష్టం.) కత్తెరతో కోస్తే మూతి నలిగి కోలగా అవుతుంది, బ్లేడుతో నిటారుగా కోయాలి.

సిలికాన్‌ను పూర్తిగా వెలివేయలేదు. గ్యాస్‌ను సన్న బుడగలుగా నీళ్లలోకి వదిలే గాజు డిఫ్యూజర్ మెడకు బిరుసు ట్యూబు తొడగబోతే గాజు పుటుక్కుమంటుంది. ఆ చివర జానెడు సిలికాన్ తప్పదు. చెక్ వాల్వును దానికి ముందే పెడతాను. రాత్రి గ్యాస్ ఆగాక సిలికాన్‌లో మిగిలింది బయటికి పోతుంది, అంత వేగంగా గాలి లోపలికి రాదు, ఆ ఖాళీలోకి తొట్టి నీళ్లు ఎక్కుతాయి. వాల్వు దాకా వచ్చి ఆగితే ఫర్వాలేదు, రెగ్యులేటర్ దాకా పోకూడదు.