తోరణం కింద మనిషి: వీధి ఛాయాచిత్రంలో కూర్పు, అర్థం

ఖిలా వరంగల్‌కు కెమెరాతో వచ్చినవాళ్లలో ఎక్కువమంది ముందుగా కీర్తితోరణం దగ్గర ఆగుతారు. రెండు పక్కలా స్తంభాలు, పైన దూలం, మధ్యలో ఖాళీ. చట్రం తయారుగా ఉంది. దాని కిందనుంచి ఒక మనిషి నడిచిపోతే చాలు, బొమ్మ పూర్తవుతుంది. ఆ మనిషి ఎవరైనా ఫరవాలేదు. ఈ ‘ఎవరైనా ఫరవాలేదు’ అన్న మాటతోనే నాకు పేచీ.

ఈమధ్య హనుమకొండలో ఒక చిన్న ప్రదర్శనలో అటువంటి నలుపు తెలుపు చిత్రం ఒకటి చూశాను. తీసినవాడు ఖిలాలోనే పుట్టి పెరిగిన యువకుడు. పొద్దుపొడుపు వెలుగు తోరణం వెనకనుంచి వస్తున్నది. తోరణం నల్లగా, దాని కింద గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్న స్త్రీ నల్లగా, ఆకాశం తెల్లగా. ఆమె అడుగెత్తిన క్షణాన్నే పట్టుకున్నాడు. రెండు కాళ్ల మధ్య ఒక వెలుగు త్రికోణం. మోపు వంపూ దూలం వంపూ ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయి. పనితనానికి వంక పెట్టలేం. కింద ‘వారసత్వం’ అని శీర్షిక. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు.

ఆ యువకుడు ఆ చిత్రాన్ని ఆమెకు కూడా చూపించాడట. “మోపు మంచిగొచ్చింది బిడ్డా, నా మొఖమేది?” అన్నదట. అతను దీన్ని నవ్వుతాలుకే చెప్పాడు. నాకు మాత్రం ఆ ప్రదర్శనలో వినిపించిన విమర్శలన్నిటిలోకి ఇదే సూటిదనిపించింది.

చూడండి, తోరణమూ నల్లబడింది, మనిషీ నల్లబడింది. కాని ఇద్దరికీ జరిగిన నష్టం సమానం కాదు. తోరణాన్ని అంచులను బట్టే గుర్తుపడతాం. 2014లో తెలంగాణ రాజచిహ్నంలోకి ఎక్కింది కూడా ఆ రూపురేఖే. శిల్పాలు కనపడకపోయినా తోరణం తోరణమే. ముఖం కనపడని మనిషి మాత్రం ‘ఒక శ్రామిక స్త్రీ’ అవుతుంది. అంటే జాతివాచకం అవుతుంది. నీడబొమ్మ రాతికి పేరు నిలిపి, మనిషికి పేరు తీసేసింది.

కూర్పు అనగానే మనం అమరిక గురించి మాట్లాడతాం: గీతలు, వెలుగునీడల తూకం, ఖాళీ జాగా. ఇది సగమే. చిత్రకారుడు ఖాళీ బట్టమీద ఒక్కొక్కటే చేర్చుకుంటూ పోతాడు. ఛాయాచిత్రకారుడు కిక్కిరిసిన లోకంలోంచి ఒక్కొక్కటే తీసేసుకుంటూ వస్తాడు. కనుక అతని శిల్పాన్ని పరీక్షించేటప్పుడు ఏమి పెట్టాడన్నదానికన్న ముందు ఏమి తీసేశాడన్నది అడగాలి. ఖిలా చిత్రాల్లో సాధారణంగా తీసేసేవి ఏమిటి? 1323లో కోట పడిన తరవాత శిథిలమైన స్వయంభూ దేవాలయపు రాళ్లు కొంతవరకు మిగులుతాయి. శిథిలాలకు గిరాకీ ఉంది. కోట గోడల లోపల ఇవాళ్టికీ కాపురమున్న ఊరు మాత్రం మిగలదు. కరెంటు తీగలు, ఆటోలు, బడిపిల్లలు, గోడమీద ఎన్నికల రాతలు చట్రం బయటికి పోతాయి.

రంగు తీసివేయడం కూడా కూర్పులో భాగమే. పందొమ్మిదో శతాబ్దపు గాజు పలకలకు నీలిరంగు మీద మోజు ఎక్కువ, ఎరుపంటే దాదాపు గుడ్డితనం. అందుకే ఆనాటి చిత్రాల్లో ఆకాశం సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. మన ఏనుమాముల మార్కెట్ మిరపరాశిని ఆ పలక మీద తీసి ఉంటే బొగ్గుకుప్పలా వచ్చేది. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు లాలా దీన్‌దయాళ్ (1844–1905) పనిచేసింది ఇటువంటి పరిమితుల్లోనే. కట్టడాలను చిత్రించే ఆనాటి పద్ధతిలో రాతి పక్కన తరచు ఒక మనిషిని నిలబెట్టేవారు, కట్టడం ఎంత ఎత్తో తెలియడానికి. మనిషి కొలబద్ద. మన తోరణం చిత్రాలు ఆ అలవాటునే, తెలిసో తెలియకో, కవితాత్మకం చేశాయి.

వాళ్లకు గత్యంతరం లేదు. ఇవాళ్టి కెమెరా రంగుల్లోనే చూస్తుంది. నలుపు తెలుపు అన్నది ఆ తరవాత మనిషి తీసుకునే నిర్ణయం. నిర్ణయమైనప్పుడు కారణం అడగక తప్పదు. మోపు కట్టింది ప్లాస్టిక్ సంచి పీలికతో. రంగులో ఉంటే అది మన కాలపు పీలిక అని తెలిసేది. రంగు పోగానే ఆమె ఏ శతాబ్దంలోనైనా మొయ్యగల మోపు అయింది. కాలం చెరిగిపోతే కూలిరేటు కూడా చెరిగిపోతుంది. ఆ చిత్రాన్ని చూసి ‘ఎంత శాశ్వతమైన దృశ్యం’ అన్నవాళ్లను నేను విన్నాను. ఆమె బరువు శాశ్వతం కావాలని కోరుకునేవాళ్లెవరు?

ఓరుగల్లు వీధిని చట్రంలో పెట్టడం కెమెరాతో మొదలు కాలేదు. వినుకొండ వల్లభరాయని పేర ఉన్న ‘క్రీడాభిరామం’ (శ్రీనాథుడిదనే వాదం అలా ఉంచుదాం) దశరూపకాల్లో ‘వీథి’ అనే జాతికి చెందింది. మంచన శర్మా, టిట్టిభసెట్టీ ఓరుగల్లు వీధులు తిరుగుతూ పూటకూళ్లిల్లు, కోడిపందెం, వీరగాథలు పాడేవాళ్లు, ఒకటేమిటి, అన్నీ చూస్తారు. అంత సజీవమైన వీధి మన పాత సాహిత్యంలో అరుదు. కాని చూస్తున్నవాళ్లు తీరిక ఉన్న ఇద్దరు మగవాళ్లు. వీధిలోని స్త్రీలు ఆ ఇద్దరి కంటికి ఎలా ఆనితే అలాగే మనకు అందుతారు. అయితే ఒక మేలుంది: చూస్తున్నవాళ్లెవరో ఆ కృతి దాచలేదు, వాళ్లే పాత్రలు. వాళ్ల చూపును మనం తప్పుపట్టగలం. ఛాయాచిత్రంలో చూసేవాడు చట్రం వెనక దాక్కుంటాడు. ఆ చూపును లోకం చూపుగా భ్రమిస్తాం.

వీధి చిత్రకారులు జపించే ‘నిర్ణాయక క్షణం’ కథ కూడా ఇటువంటిదే. ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు ఆన్రీ కార్తియే బ్రెసాన్ 1952లో వేసిన పుస్తకానికి ఇంగ్లీషులో స్థిరపడిన పేరు అది. ఫ్రెంచి పేరులోని మాట, అనుమతి లేకుండా వీధిలో సరుకు పరిచి పోలీసు కనిపించగానే మూట కట్టే చిల్లర వర్తకులకు వాడేది. హడావుడిగా, దొంగచాటుగా తీసిన బొమ్మలని దాని భావం. ఫుట్‌పాత్ మాట ఇంగ్లీషులోకి వచ్చేసరికి సింహాసనం ఎక్కింది.

ఇతరులను అనేసి మన ఇంటి సంగతి వదిలేస్తే న్యాయం కాదు. సునీల్ జానా (1918–2012) కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి పి.సి. జోషి ప్రోత్సాహంతో 1943 బెంగాల్ కరువును చిత్రించాడు. ఆ బొమ్మలు ‘పీపుల్స్ వార్’ పత్రిక ద్వారా దేశానికి చేరాయి. రైతునూ కార్మికుణ్ణీ కిందినుంచి చూసి, ఆకాశం ముందు నిలబెట్టి తీసిన ఆ కాలపు చిత్రాలు మనకు పరిచితమే. నడుము దగ్గర పట్టుకుని పైనుంచి తొంగిచూసే కెమెరాలు కూడా ఆ కోణానికి తోడ్పడ్డాయి. కొలబద్దగా ఉన్న మనిషిని అవి స్తంభం చేశాయి. అది చరిత్రలో పెద్ద మలుపు. తరవాత్తరవాత మన పత్రికల ముఖచిత్రాల్లో అదే కోణం ముద్రలా పడుతూ వచ్చింది: బిగించిన పిడికిలి, వంగిన వెన్ను, వెనక సూర్యుడు. నిజం ఒప్పుకోవాలంటే, ‘వారసత్వం’ అన్న శీర్షిక తీసేసి ‘శ్రమ’ అని పెడితే ఆ గడ్డిమోపు చిత్రాన్ని మనమే సంతోషంగా అచ్చు వేసుకునేవాళ్లం. నేనూ వేసేవాణ్ణి. ముఖం అప్పుడూ ఉండేది కాదు.

చదివేవాడి సంగతి కూడా ఉంది. పాత ఊరేగింపు చిత్రంలో జెండా బూడిదరంగులో ఉంటుంది, మనకు ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎరుపు ఫిల్ములో లేదు. మన అనుభవంలో ఉంది. ధ్వని అంటే ఇదే, కావ్యంలోనైనా ఛాయాచిత్రంలోనైనా. కాని చదివేవాడి దగ్గర అనుభవం బదులు అరిగిపోయిన భావాలే ఉంటే, అతను చిత్రానికి అవే పూస్తాడు. నీడబొమ్మ అతన్ని ఆపదు, ఆపగలిగేది ముఖం. కథకులు ‘బక్కచిక్కిన ఒక ముసలిది’ అని రాసి పేరాగ్రాఫు ముగించినప్పుడు జరిగేదీ ఇదే.

ఆ యువకుడి దగ్గర అదే ఉదయం తీసిన మరో చిత్రం ఉంది. ప్రదర్శనకు పెట్టలేదు. ఆమె మోపు దించి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, కిరాయి దగ్గర ఆటోవాడితో తగాదా పడుతున్నది. నోరు తెరిచి ఉంది, కనుబొమలు ముడిపడ్డాయి. తోరణం మూలన సగం తెగిన ఒక స్తంభంగా మాత్రమే మిగిలింది. “కూర్పు చెడింది సార్” అన్నాడు. చెడిన మాట నిజమే. ఎడమవైపు అంతా గందరగోళం, ఆటో వెనక చక్రం అనవసరంగా జాగా తింటున్నది. చెదిరి ఉన్నదల్లా సత్యమని నేననను. అయినా ఈ చిత్రంలో ఆమెకు ఒక కోరిక ఉంది, ఒక లెక్క ఉంది, ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు. మొదటిదానిలో ఆమెకు ఎదురుగా ఎవరూ లేరు.

ఆటో అద్దంలో కెమెరా పట్టుకున్న అతని బొమ్మ కూడా చిన్నగా పడింది. దాన్ని కత్తిరించి అచ్చు వేస్తానంటాడు. కత్తిరించవద్దన్నాను. ఇంకా ఏమీ తేల్చుకోలేదు.