ముక్కు చెక్కే పూట ఫోన్ ఆపకండి

దేవుడి ముఖంలో అన్నిటికన్నా ఆలస్యంగా తేలేది ముక్కు. అది ముందుకు పొడుచుకొచ్చే భాగం. అందుకే పనితెలిసిన శిల్పి నుదురు, చెంపలు, గడ్డం దిగేదాకా అక్కడ రాయి దండిగా మిగిల్చి ఉంచుతాడు. తర్వాత సన్న ఉలి తీసుకుని, ఊపిరి బిగబట్టి, ఆ మిగులును పొట్టు రాల్చినట్టు రాలుస్తాడు. అప్పుడు ఒక్క దెబ్బ పక్కకు పోయిందంటే నెలల కష్టం నేలపాలే. బొమ్మ గీసేవాడు చెరిపి మళ్లీ గీసుకుంటాడు. బంకమట్టితో చేసేవాడు అతికించుకుంటాడు. రాతిపనివాడికి ఆ దారి లేదు. ముక్కు విరిగిన మూర్తిని ఏ గుడి ప్రతిష్ఠిస్తుంది?

సరిగ్గా ఆ పూటే ఎదురుగా ఫోన్ నిలబెట్టి, లైవ్ నొక్కి, పని మొదలుపెట్టమని ఆళ్లగడ్డ శిల్పులను అడగాలని ఈ వ్యాసం రాస్తున్నాను. పని పూర్తయ్యాక ఫొటో పెట్టడం అందరూ చేసేదే. పని తప్పిపోయే వీలున్న ఘడియలో పదిమంది ముందు కూర్చోవడం వేరు. దానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యానికి తగిన పనితనం మన దేశంలో ఏ ఊళ్లోనైనా ఉందంటే, నా లెక్కలో అది ముందు ఆళ్లగడ్డలోనే ఉంది. ఈ విషయంలో నేను ఆళ్లగడ్డ పక్షం. మహాబలిపురం, దుర్గి శిల్పులు నొచ్చుకున్నా సరే.

నంద్యాల నుంచి కడప వైపు 40వ నంబరు జాతీయ రహదారి మీద వస్తే ఆళ్లగడ్డ తగులుతుంది. అక్కడి నుంచి లోపలికి తిరిగితే నల్లమల అంచున అహోబిలం. జ్వాల, మాలోల, క్రోడ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన, అహోబిల, ఇలా తొమ్మిది నరసింహ రూపాలు కొండల్లో కొలువైన చోటు. ఇటు నంద్యాల చుట్టూ నవనందులు. ఇంతమంది రాతిదేవుళ్ల మధ్య ఉన్న ఊళ్లో ఉలి చప్పుడు వినిపించడంలో వింతేముంది? అహోబిలం గుళ్ల పనికి వచ్చిన శిల్పులు ఇక్కడే స్థిరపడ్డారని పెద్దలు చెబుతారు. దురుగడ్డ వారి ఇంటిపేరు లేకుండా ఇక్కడి శిల్పం కథ ఎవరూ మొదలుపెట్టరు. ఆళ్లగడ్డ రాతిశిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చరిత్రకు ఇది చాలు. నా మనసంతా పని మీదే ఉంది.

పని రాయిని ఎంచడంతో మొదలవుతుంది. సుత్తితో తట్టి వింటారు. గంటలా మోగితే పురుషశిల, దేవుడికి. తాళాల్లా పలికితే స్త్రీశిల, అమ్మవారికి. మూగగా ఉంటే నపుంసకశిల, అది పీఠాలకూ నేలకూ. తర్వాత రాయి మీద నీళ్లు పోస్తారు. పైనంతా ఆరిపోయినా ఒక సన్నని గీత మాత్రం ఆరకుండా నల్లగా నిలిచిందంటే లోపల పగులు ఉన్నట్టే. ఎంత ఖర్చుపెట్టి తెచ్చిన రాయైనా పక్కన పడేయాల్సిందే. ఈ పరీక్షకు ఒక బకెట్ నీళ్లు, కాస్త ఓపిక చాలు. ఇది లైవ్‌లో చూపిస్తే కొనేవాళ్లకు ఎంత తెలివి వస్తుందో ఆలోచించండి.

రాయి కుదిరాక నడుమ నిలువుగా ఒక గీత పడుతుంది. అదే బ్రహ్మసూత్రం. నిటారుగా నిలబడిన మూర్తిలో ఆ గీత కిరీటం నడిమి నుంచి కనుబొమల మధ్యగా, ముక్కు కొస మీదుగా, బొడ్డు గుండా దిగి రెండు పాదాల మధ్యకు చేరాలి. దానికి అటూ ఇటూ తాళమానం. ముఖం పొడవు ఒక తాళం, తాళానికి 12 అంగుళాలు. ఈ అంగుళం బడిపిల్లల స్కేలు మీది అంగుళం కాదు, ఆ విగ్రహం కొలతలోంచే పుట్టిన అంగుళం. విష్ణువు, శివుడు లాంటి పెద్ద దేవుళ్లకు ఉత్తమ దశతాళం, అంటే పది తాళాలకు పైన నాలుగు అంగుళాలు కలిపి 124 అంగుళాలు. పొట్టి వినాయకుడికి పంచతాళం. ఈ లెక్క చేతికి వచ్చినవాడు జానెడు విగ్రహం చేసినా, ఇరవై అడుగుల విగ్రహం చేసినా దేవుడు దేవుడిలాగే ఉంటాడు. లెక్క రానివాడు చేస్తే ఎంత నునుపు చేసినా మెడ కురచైన మనిషిలా కనిపిస్తాడు. ఈ మధ్య కూడళ్లలో లేస్తున్న విగ్రహాల్లో ఆ కురచ మెడలు కనబడని చోటు లేదు. చూసినప్పుడల్లా కడుపు మండుతుంది.

ఇక చెక్కుడు. ముందు మొనఉలితో మోటుగా రాయిని దించడం, తర్వాత పలక ఉలితో రూపం తేల్చడం, ఆపైన సన్న ఉలులతో నగలూ జడలూ. నల్లరాయి ఉలిని తొందరగా మొద్దుబారుస్తుంది. వెనక ఉలిని కొలిమిలో ఎర్రగా కాల్చి, సాగగొట్టి, నీళ్లలో ముంచి పదును పెట్టుకునేవారు. ఇప్పుడు గట్టి లోహపు మొనలు, గ్రైండర్లు వచ్చాయి. మోటుపనికి గ్రైండర్ వాడితే నాకు అభ్యంతరం లేదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులను తినేస్తుంది కనుక మూతికి మాస్కు లేకుండా ఎవరూ దాని దగ్గర కూర్చోవద్దు కూడా. కానీ ముఖం దగ్గరికి వచ్చేసరికి ఉలీ సుత్తే ఉండాలి. కారణం చప్పుడు. ఉలి దెబ్బ నిండు రాయి మీద పడితే ఒక రకంగా మోగుతుంది, లోపల బోలు ఉన్నచోట ఇంకో రకంగా మోగుతుంది. చెవి అలవాటైన శిల్పి దెబ్బ దెబ్బకీ అది వింటూ చేతి బలం తగ్గిస్తాడు, పెంచుతాడు. గ్రైండర్ మోతలో ఆ మాట వినబడదు.

నరసింహుడి విగ్రహం చెక్కేటప్పుడు చూడాలి ఈ విద్య అంతా. తెరిచిన నోరు, లోపల నాలుక, నాలుకకు తగలని కోరలు. కోర వెనక రాయి తీయాలంటే ఉలి తిరగడానికి చోటుండదు. పెద్ద పనివాళ్లు జూలును పాయలు పాయలుగా విడదీసి, పాయ కింద నీడ పడేలా లోతు తీస్తారు. శంఖచక్రాలు పట్టుకున్న పైచేతులను వెనక రాయితో కొంతకాలం కలిపే ఉంచి, బరువు నిలిచాక ఆఖరున విడదీస్తారు. అదే మాలోల నరసింహుడైతే తొడ మీద లక్ష్మి. సింహముఖంలో చిరునవ్వు తెప్పించాలి. నవ్వే సింహాన్ని రాతిలో తెప్పించగలిగిన చెయ్యి ఇంకేదైనా తెప్పిస్తుంది.

ఇంతటి పని ఇప్పుడు ఫోన్లలో ఎలా కనబడుతోంది? అరనిమిషం రీల్. మొదట బండరాయి, కన్ను మూసి తెరిచేలోగా దేవుడు, వెనక సినిమా పాట. ఉలి చప్పుడును పాట మింగేసింది. ఆగి ఆలోచించిన ఘడియలు, తప్పిన దెబ్బ, మార్చుకున్న గీత అన్నీ కత్తెరకు పోయాయి. చూసినవాడికి అర్థమయ్యేదేమిటి? ఇది తేలిక పని అని. తేలిక పనికి ఇంత ధర ఎందుకని బేరమాడతాడు. రీల్స్ శిల్పికి పేరు తెస్తాయని అందరూ అంటున్నారు. అవి శిల్పి కష్టాన్ని దాచిపెడుతున్నాయని నేనంటాను. లైవ్‌లో కత్తెర ఉండదు. గంటసేపు చెవి తమ్మె ఒక్కటే చెక్కితే గంటసేపూ అదే కనబడుతుంది. చూసేవాళ్లు పదిమందే మిగలనివ్వండి. ఆ పదిమందీ జన్మలో బేరమాడరు.

"పని సగంలో ఉండగా చూపిస్తే నవ్వుతారు" అంటారు శిల్పులు. ఆ భయం నాకు తెలుసు. సగం చెక్కిన ముఖం నిజంగానే వికారంగా ఉంటుంది. అయితే లేపాక్షిలో కల్యాణమండపం చూడండి. విజయనగర కాలంలో పని ఆగిపోయి, పైకప్పు లేకుండా స్తంభాలు నిలిచిపోయాయి. పూర్తయిన గుడిని చూసినంత శ్రద్ధగా జనం దాన్నీ చూస్తారు. శిల్పం మీద మనసున్నవాడు ఇంకాస్త ఎక్కువసేపే నిలబడతాడు. అసంపూర్ణం అక్కడ ఎవరినీ నవ్వించలేదు.

తప్పు బయటపడటం గురించి అయితే జక్కనాచార్యుడి కథ తెలుగువాళ్లకు ఒకరు చెప్పాలా? 1964లో అక్కినేని నటించిన సినిమాతో అది ఇంటింటి కథ అయింది. బేలూరు విగ్రహంలో దోషముందని ఒక కుర్రవాడు అందరి ఎదుటా అన్నాడు. నిరూపిస్తే చెయ్యి నరుక్కుంటానన్నాడు జక్కన. గంధం పూశారు. ఒళ్లంతా ఆరింది, బొడ్డు దగ్గర ఆరలేదు. అక్కడ చెక్కితే నీళ్లు, కప్ప. దోషం చూపినవాడు జక్కన కొడుకే. కథే కావచ్చు. కానీ తన పనిని సభలో పరీక్షకు నిలబెట్టిన శిల్పినే మన జనం అమరశిల్పి అని పిలుచుకున్నారు. మూసిన షెడ్డులో పనిచేసి మెప్పు పొందినవాడికి ఆ పేరు పెట్టలేదు.

ఆళ్లగడ్డకు పొరుగునే ప్రొద్దుటూరు. అక్కడి దుర్భాక రాజశేఖర శతావధాని, సి.వి. సుబ్బన్న శతావధాని, నరాల రామారెడ్డి చేసిందేమిటి? అవధానంలో ప్రశ్నలడిగే పృచ్ఛకులు అడ్డం పడుతుండగా, సభ కళ్లార్పకుండా చూస్తుండగా, పద్యాన్ని అప్పటికప్పుడు కట్టడం. ఒక్క అక్షరం తడబడితే దాచుకునే తెర లేదు. నిండుసభలో పద్యాన్ని పుట్టించిన సీమ ఇది. ఈ సీమ శిల్పికి లైవ్ అంటే బెరుకెందుకు? పికాసో అంతటివాడు 1956లో క్లూజో తీసిన సినిమాలో కెమెరా ముందు బొమ్మలు వేశాడు. ఒక బొమ్మ కుదరడం లేదని అక్కడే చెప్పేసి, మళ్లీ మొదలుపెట్టాడు. ఆ ఒప్పుకోలు వల్ల అతని విలువ రవ్వంత తగ్గలేదు.

మన మహాశిల్పులు చేసిన పనులు తలుచుకుంటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. 1213 నాటి పాలంపేట గుడిలో మదనికలనే స్త్రీమూర్తుల నగల మధ్య సూది దూరేంత సన్నని రంధ్రాలు తీసినవాళ్లు మనవాళ్లు. కట్టించిన రేచర్ల రుద్రుడి పేరు పక్కకు పోయి, శిల్పి రామప్ప పేరే గుడికి నిలిచింది. 2021లో యునెస్కో గుర్తించింది ఆ గుడినే. గణపతి స్థపతి చెక్కించిన హుస్సేన్ సాగర్ బుద్ధుడు 1990 మార్చిలో తరలించేటప్పుడు నీళ్లలో పడిపోయాడు. 1992 డిసెంబరులో అదే బుద్ధుణ్ణి లేపి నిలబెట్టారు. అయోధ్యలో 2024లో ప్రతిష్ఠించిన 51 అంగుళాల బాలరాముణ్ణి చెక్కుతుండగా మైసూరు శిల్పి అరుణ్ యోగిరాజ్ కంటిలో రాతి ముక్క గుచ్చుకుంది. అది తీయించుకుని మళ్లీ పనికి కూర్చున్నాడు. ఆ ఘడియ ఎవరూ చూడలేదు. చూసి ఉంటే విగ్రహం అంటే ఏమిటో దేశానికి ఇంకొంచెం తెలిసేది.

ఇప్పుడు నకిలీల సంగతి. ఫైబర్‌తో అచ్చుపోసి నల్లరంగు కొట్టి "కృష్ణశిల" అని అమ్ముతున్నారు. రాతిపొడిలో జిగురు కలిపి పోతపోసి, తూకం కూడా రాయిలాగే ఉందని నమ్మిస్తున్నారు. కంప్యూటర్ మిషన్‌లో ఒకే బొమ్మను వందసార్లు కోసి, పైపైన నాలుగు ఉలిగాట్లు పెట్టి చేతిపని అంటున్నారు. అన్నిటికన్నా ఘోరం, పగిలిన రాయిని అదే జిగురుతో పూడ్చి, నూనె రాసి, గుడికి పంపడం. నాలుగు అభిషేకాలు కాగానే పూడిక ఊడి, భక్తులు అపచారం జరిగిందని ఏడుస్తారు. ఇది మోసం. దేవుడి పేరుతో చేసే మోసం. దీనివల్ల నిజాయితీగా పనిచేసేవాడి కూలి పడిపోతోంది, అతని కొడుకు ఉలి పక్కన పెట్టి హైదరాబాదులోనో బెంగళూరులోనో వేరే పని వెతుక్కుంటున్నాడు. సర్టిఫికెట్లు, ముద్రలు ఈ మోసాన్ని ఆపలేవు. కాగితాన్ని కూడా నకిలీ చేస్తారు. నీళ్లు పోసిన ఘడియ నుంచి నునుపు పట్టేదాకా రోజుకో గంట లైవ్ పెట్టి, ఆ రికార్డును విగ్రహంతో పాటు అప్పగిస్తే నకిలీ చేసేవాడు ఏం చూపించగలడు? అచ్చు విప్పడం చూపిస్తాడా?

ఒక్కచోట మాత్రం ఫోన్ ఆపాలి. నేత్రోన్మీలనం. ప్రతిష్ఠ వేళ బంగారు సూదితో కన్ను తెరిచే ఆ కార్యం ఆచార్యుడికీ శిల్పికీ సంబంధించినది. ఆ తొలిచూపు ముందు కెమెరా పెట్టడం నాకు ఇష్టం లేదు, లక్ష మంది అడిగినా పెట్టకూడదు. శిల్పి తన చేతి వణుకును లోకానికి చూపించవచ్చు. దేవుడి తొలిచూపు చూపించే హక్కు అతనిది కాదు.

చివరగా ఒక మాట నంద్యాల, కర్నూలు, కడప జిల్లాల గుడి కమిటీల పెద్దలకు, విగ్రహాలు చేయించే దాతలకు. అయ్యా, శిల్పిని లైవ్ పెట్టమంటే అతను తన నష్టాన్ని కూడా మీకు చూపిస్తున్నాడు. ముక్కు దగ్గర రాయి విరిగితే మీరంతా చూస్తారు. అప్పుడు "నీ ఖర్మ" అని లేచిపోకండి. ఒప్పందం రాసుకునేనాడే, పని మధ్యలో పగిలే రాయి ఖర్చులో సగం మాది అని ఒక వాక్యం రాయించండి. కొత్త రాయి రావడానికి పట్టే నెలలు ముహూర్తంలో ముందే కలుపుకోండి. షెడ్డులో మంచి వెలుతురుకు, ఫోన్ నిలబెట్టే స్టాండుకు, దుమ్ము లోపలికి పోకుండా నాణ్యమైన మాస్కులకు అయ్యే డబ్బు గుడి ఖర్చులో ఒక మూలకు కూడా రాదు. అది మీరే ఇవ్వండి, వచ్చే విగ్రహం నుంచే.